పడవెక్కి చెయ్యాల్సిన లెక్క

పదో తరగతి పరీక్షలకి వారం ముందు ఏ పిల్లవాణ్ని కదిపినా వినపడే మాట ఒకటుంది. "మాస్టారూ, పడవ లెక్క ఒక్కటి వదిలేస్తానండి. మిగతావన్నీ వచ్చేశాయి." పాతికేళ్లు వచ్చి రైల్వే ఉద్యోగానికో, బ్యాంకు ఉద్యోగానికో చదువుకుంటున్నవాళ్లు కూడా ఇదే అంటారు. పదో తరగతిలో వదిలేసిన పడవ ఆ పోటీ పరీక్షల రేవులో కట్టేసి ఉంటుంది. 'పడవలు–ప్రవాహాలు' అని దానికో అధ్యాయం, దాని పక్కనే 'రైళ్లు' అని ఇంకోటి.

వదిలేస్తాను అన్న మాట వింటే నాకు బాధేస్తుంది. స్కూల్లో చెప్పే లెక్కల్లో కళ్లతో చూసి, ఒంటితో తెలుసుకుని చేయగలిగినవి కొన్నే. చక్రవడ్డీ పెరగడాన్ని ఎవరూ కళ్లారా చూడలేదు. ఏరు పారడం మనందరం చూశాం. ఎదురుగాలికి సైకిలు తొక్కాం. పక్క పట్టాల మీద రైలు కదిలితే మన రైలే కదిలిందనుకుని ఉలిక్కిపడ్డాం. ఇంత అనుభవం చేతిలో ఉండి కూడా భయపడుతున్నామంటే, తప్పు లెక్కలో లేదు. దాన్ని నేర్చుకున్న తీరులో ఉంది.

ఆ తీరు ఎలా ఉంటుందంటే, ముందు నాలుగు సూత్రాలు బోర్డు మీద పడతాయి. వాలుకి వెళితే కలపాలి, ఎదురు వెళితే తీసెయ్యాలి. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తే కలపాలి, ఒకే వైపు వెళితే తీసెయ్యాలి. ఇక్కడే చిక్కు పడుతుంది. పడవ 'ఎదురు' వెళితే తీసివేత, రైళ్లు 'ఎదురు' వస్తే కూడిక! మాట ఒకటే, గుర్తులు రెండు. కంఠతా పట్టిన పిల్లవాడికి పరీక్ష హాల్లో ఈ రెండు ఎదురులూ కలిసిపోతాయి. చెయ్యి ఆగిపోతుంది. తనకి లెక్కలు రావేమోనన్న అనుమానం ఆ క్షణంలోనే పుడుతుంది, చాలామందికి అది జీవితాంతం పోదు.

నాకు ఈ లెక్క నేర్పింది పుస్తకం కాదు, ఒక సరంగు. తొమ్మిదో తరగతి సెలవుల్లో మావయ్యతో కలిసి కోటిపల్లి రేవులో పంటు ఎక్కాను. గౌతమి దాటి ముక్తేశ్వరం వెళ్లాలి. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చిన కాలం. పంటు మీద రెండు సైకిళ్లు, అరటి గెలలు, ఒక స్కూటరు, మేము. అవతలి రేవు కళ్లెదుటే కనిపిస్తోంది. సరంగు మాత్రం పంటు ముక్కుని అటు కాకుండా బాగా ఎగువకి తిప్పాడు. ఉండబట్టలేక అడిగాను. "బాబాయ్, రేవు అటుంటే ఇటు తిప్పావేంటి?"

అతను చుక్కాని మీంచి చెయ్యి తియ్యకుండా చెప్పాడు. "ఏరు ఊరుకుంటాదేంటబ్బాయ్? మనం దాటేలోపు దాని లాగుడు అది లాగుద్ది. దాని వాటా ముందే లెక్కేసి పక్కనెట్టుకోవాల. అప్పుడు రేవు దానంతటదే ఎదురొస్తాది."

పంటు ఏటవాలుగా జరుగుతూ జరుగుతూ వెళ్లి సరిగ్గా రేవులో ఆగింది. ఆ మధ్యాహ్నం నా బుర్రలో ఏదో తలుపు తెరుచుకుంది. పడవ ఇంజను చేసే పని ఒకటి, ఏరు చేసే పని ఒకటి. రెండూ ఒకేసారి జరుగుతాయి, అయినా ఒకదానితో ఒకటి కలిసిపోవు. వాటిని విడదీసి చూడటమే ఈ లెక్కంతా. అందుకే నా క్లాసులో సూత్రం అనే మాట కంటే ముందు 'ఏటి వాటా' అనే మాట వస్తుంది.

ఒక లెక్క తీసుకుందాం. పడవ ఏటివాలున 36 కిలోమీటర్లు 3 గంటల్లో వెళ్లింది. తిరిగి అదే దారిన ఎదురెక్కి రావడానికి నాలుగున్నర గంటలు పట్టింది. నిశ్చల నీటిలో పడవ వేగం ఎంత, ప్రవాహ వేగం ఎంత?

వెళ్లేటప్పుడు గంటకి 12 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు 8. ఇక్కడ పెన్ను కింద పెట్టి ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంజను రెండుసార్లూ ఒకేలా పని చేసింది. మారింది ఏటి వాటా ఒక్కటే. ఒకసారి వచ్చి కలిసింది, ఇంకోసారి అంతే మేర తగ్గించింది. అంటే పడవ అసలు వేగం 12కీ 8కీ సరిగ్గా నడిమధ్యన ఉండాలి. నడిమధ్యన ఉన్నది 10. అక్కణ్నుంచి 12కి ఎంత దూరమో, 8కి ఎంత దూరమో అదే ఏటి వాటా. అది 2. రెండు వేగాల మొత్తంలో సగం పడవది, తేడాలో సగం ఏటిది అని పుస్తకాల్లో రాసేది ఇదే. నడిమధ్య అన్న మాట గుర్తుంటే ఆ సూత్రాన్ని వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలైన వల. ఈ రానుపోను ప్రయాణంలో పడవ సగటు వేగమెంత? నూటికి తొంభైమంది 10 అని చెబుతారు. 12, 8 కలిపి సగం చేస్తారు. మొత్తం దూరం 72, మొత్తం సమయం ఏడున్నర గంటలు. భాగించి చూడండి, 9.6 వస్తుంది.

ఆ 0.4 ఎక్కడికి పోయింది? ఏరే లేకుండా చెరువులో ఇదే 72 కిలోమీటర్లు తిరిగి ఉంటే 7 గంటల 12 నిమిషాల్లో అయిపోయేది. ఏట్లో 7 గంటల 30 నిమిషాలు పట్టింది. 18 నిమిషాలు నష్టం. వెళ్లేటప్పుడు సాయం చేసిన ఏరే వచ్చేటప్పుడు అడ్డుపడింది కదా, చెల్లుకి చెల్లు కావాలి కదా అనిపిస్తుంది. కాదు. ఏరు సాయం చేసింది 3 గంటలే; గంటకి 2 చొప్పున 6 కిలోమీటర్లు ఇచ్చింది. అడ్డుపడింది నాలుగున్నర గంటలు. గంటకి 2 చొప్పున 9 కిలోమీటర్లు లాక్కుంది. నికరంగా 3 కిలోమీటర్లు మన మీద పడ్డాయి. ఆ 3 కిలోమీటర్లని పడవ తన 10 వేగంతో పూడ్చుకోవాలి. 3ని 10తో భాగిస్తే 0.3 గంట. అంటే సరిగ్గా 18 నిమిషాలు.

ఈ లెక్క మొదటిసారి ఇలా కుదిరినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ చూసింది కాదు, రాత్రి భోజనం తరవాత అరుగు మీద కూర్చుని వేసుకున్న లెక్క. మీకు కూడా ఇలాంటి ఒక లెక్క సొంతంగా కుదరాలని నా కోరిక. అది కుదిరిన రోజు నుంచి భయం మాట వినపడదు.

ఏరు ఎంత నెమ్మదిగా పారినా రానుపోను ప్రయాణంలో మనకి నష్టమే, చెరువుతో సమానం ఎప్పటికీ కాదు. 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెలుతురు మీద చేసిన ప్రసిద్ధ ప్రయోగానికి ఇదే ఆధారం. విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని, భూమి దానిలోంచి సాగిపోతోందని అప్పటివాళ్ల నమ్మకం. అలా అయితే భూమి మీద ఉన్న మనకి ఈథర్ ఏరులా పారుతున్నట్టే; ఆ ప్రవాహం వెంట వెళ్లి వచ్చిన కాంతికీ, అడ్డంగా వెళ్లి వచ్చిన కాంతికీ సమయంలో తేడా రావాలి. అంటే మన 18 నిమిషాల్లాంటిదే, చాలా చిన్న ప్రమాణంలో. ఎదురుచూసినంత తేడా వాళ్లకి కనపడలేదు. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకటించాక ఆ ఈథర్ అవసరమే లేకపోయింది. పదో తరగతి పడవ అంత దూరం వెళ్లింది.

ఇక ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్కకి వద్దాం. లంకలోంచి దింపు కాయలు వేసుకుని ఒక మోటారు పడవ ఏటికి ఎదురు వెళుతోంది. ఒకచోట ఒక కొబ్బరికాయ జారి నీళ్లలో పడింది. ఎవరూ చూడలేదు. 20 నిమిషాల తరవాత చూసుకుని, వెంటనే పడవని వెనక్కి తిప్పి, ఇంజను జోరు పెంచకుండా తగ్గించకుండా వచ్చి కాయని అందుకున్నారు. అది పడిన చోటికి 2 కిలోమీటర్ల దిగువన దొరికింది. ఏటి వేగం ఎంత?

క్లాసులో ఈ లెక్క ఇవ్వగానే వచ్చే మొదటి ప్రశ్న: "పడవ వేగం ఇవ్వలేదు కదండీ?" నిజమే, ఇవ్వలేదు. సరే, గట్టు మీద కూర్చుని చేద్దాం. పడవ వేగం 'ప', ఏటి వేగం 'ఏ' అనుకుందాం. మొదటి మూడోవంతు గంటలో పడవ ఎగువకి (ప − ఏ)/3 దూరం వెళ్లింది. కాయ దిగువకి ఏ/3 దూరం కొట్టుకుపోయింది. రెండింటి మధ్య ఎడం కలిపితే ప/3. పడవ తిరిగాక రెండూ దిగువకే వస్తున్నాయి. పడవ (ప + ఏ) వేగంతో, కాయ 'ఏ' వేగంతో. తేడా 'ప'. ప/3 ఎడాన్ని 'ప' వేగంతో పూడ్చడానికి పట్టే సమయం మూడోవంతు గంట. మొత్తం 40 నిమిషాలు. అంతసేపట్లో కాయ 2 కిలోమీటర్లు పోయింది కాబట్టి ఏటి వేగం గంటకి 3 కిలోమీటర్లు.

లెక్క సరైనదే. కానీ సమయం లెక్కకట్టేటప్పుడు 'ఏ' ఎగిరిపోయింది, 'ప' కూడా ఎగిరిపోయింది. లెక్కల్లో ఏదైనా ఇంత శుభ్రంగా ఎగిరిపోయిందంటే అక్కడ దగ్గరదారి ఒకటి ఉందన్నమాట. మీకు ఎక్కడ ఇలా జరిగినా ఆగి వెతకండి.

ఆ దగ్గరదారి ఇది. గట్టు దిగండి. కొబ్బరికాయ మీద ఒక చీమ ఉందనుకోండి, ఆ చీమ దగ్గరికి వెళ్లండి. కాయ, దాని చుట్టూ ఉన్న నీరు కలిసే పోతున్నాయి, కాబట్టి చీమ కంటికి నీరు కదలదు. చుట్టూ చెరువు. గట్టు మీద చెట్లే వెనక్కి పోతుంటాయి. ఆ చెరువులో ఒక పడవ తన దగ్గర్నుంచి 20 నిమిషాలు దూరంగా వెళ్లింది, వెనక్కి తిరిగింది. అదే వేగంతో మళ్లీ తన దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుంది? ఇంకో 20 నిమిషాలు. ఒకటో తరగతి పిల్లవాడు చెప్పగలడు. రైల్లో కిటికీ పక్క సీట్లోంచి లేచి తలుపు దాకా నడిచి వెనక్కి వస్తే, రైలు వేగం బట్టి మన నడక సమయం మారదు కదా. ఇదీ అంతే. 40 నిమిషాలకి 2 కిలోమీటర్లు, గంటకి 3. సమీకరణం లేదు, అక్షరాలు లేవు.

సాపేక్ష వేగం అంటే ఇంతే. 'ఎంత వేగం' అని అడిగేముందు 'ఎవరి కంటికి' అని అడగడం. గట్టు మీద మనిషి కంటికి ఒక వేగం, నీళ్లలో కాయకి ఒక వేగం, పడవలో కూర్చున్నవాడికి ఇంకో వేగం. మూడూ నిజమే. ఏ లెక్కకైనా మనం నిలబడే చోటు మనం ఎంచుకోవచ్చు. తేలిగ్గా కనిపించే చోటు ఎంచుకోవాలి. నేను ఈ పుస్తకంలో ఇంత దూరం రాసినదాంట్లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ ప్రశ్నని గుర్తుపెట్టుకోండి: నేను ఎక్కడ నిలబడి చూస్తున్నాను?

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయం రాశాడు. అప్పటికి ఆయన వయసు 23. అందులో గోళపాదంలో పడవ ప్రస్తావన ఉంది. ముందుకి సాగిపోయే పడవలో ఉన్నవాడికి కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, అలాగే కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని చెప్పాడు. భూమి తిరుగుతోందని చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉపమానం పడవ. అదే గ్రంథం గణితపాదంలో మన పరీక్షల సూత్రమూ ఉంది. ఎదురెదురుగా కదిలేవాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో, ఒకే వైపు కదిలేవాటి మధ్య దూరాన్ని వేగాల తేడాతో భాగిస్తే అవి కలిసే సమయం వస్తుందని. ఆయన వాడిన మాటలు విలోమం, అనులోమం. ఎనిమిదో తరగతి పుస్తకంలో అనులోమానుపాతం, విలోమానుపాతం అని చదువుకున్నాం చూశారా, ఆ మాటలే. తెలుగులోనూ లెక్కల శాస్త్రం ఎన్నో శతాబ్దాల కిందటే ఉంది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. లెక్కలు మన భాషకి పరాయివి అనుకునే పిల్లలకి ఈ సంగతి నేను తప్పకుండా చెబుతాను.

సరే, ఇందాకటి రెండు 'ఎదురు'ల చిక్కు విప్పుదాం. పడవ ఏటికి ఎదురు వెళ్లినప్పుడు మనం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. ఒకే పడవ మీద రెండు పనులు జరుగుతున్నాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. అందుకని తీసివేత. రైళ్లు ఎదురు వచ్చినప్పుడు మనం ఒక రైల్లో కూర్చుని రెండోదాన్ని చూస్తున్నాం. మన వేగం కూడా దానికే అంటగడుతున్నాం. అందుకని కూడిక. నిలబడిన చోటు వేరు కాబట్టి గుర్తు వేరు. ఇది అర్థమయ్యాక 'కలపాలా, తీసెయ్యాలా' అన్న సందేహం మళ్లీ రాదు.

140 మీటర్ల రైలు గంటకి 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది. 210 మీటర్ల రైలు 72 వేగంతో ఎదురొస్తోంది. ఒకదాన్నొకటి దాటడానికి ఎంతసేపు? ముందు సెకన్లలోకి మారుద్దాం. కిలోమీటరుకి 1000 మీటర్లు, గంటకి 3600 సెకన్లు. 1000/3600 అంటే 5/18. 54ని 5/18తో హెచ్చిస్తే 15, 72ని హెచ్చిస్తే 20. ఎదురెదురుగా కాబట్టి 35. రెండు రైళ్లూ ఒకదాన్నొకటి పూర్తిగా దాటాలంటే రెండింటి పొడవూ గడవాలి, 350 మీటర్లు. 10 సెకన్లు. ఒకే వైపు వెళుతుంటే తేడా 5, కాబట్టి 70 సెకన్లు. ఇంతవరకూ అందరూ చేస్తారు. "మొదటి రైల్లో కిటికీ పక్కన కూర్చున్న మనిషిని ఎదురు రైలు ఎంతసేపట్లో దాటుతుంది?" అని అడిగితే చాలామంది మళ్లీ 350 అనే రాస్తారు. కూర్చున్న మనిషికి పొడవేముంది? గడవాల్సింది ఎదురు రైలు పొడవు ఒక్కటే. 210ని 35తో భాగిస్తే 6 సెకన్లు. ఇక్కడ కూడా ఎక్కడ నిలబడ్డామో చూసుకుంటే సరిపోయింది.

విజయవాడ నుంచి హైదరాబాదుకి 270 కిలోమీటర్లు అనుకుందాం. ఉదయం 5 గంటలకి ఒక బస్సు విజయవాడలో బయల్దేరి గంటకి 60 వేగంతో వస్తోంది. 6 గంటలకి హైదరాబాదులో ఇంకోటి బయల్దేరి 45 వేగంతో ఎదురు వెళుతోంది. ఎప్పుడు ఎదురుపడతాయి? తొందరపడి 270ని 105తో భాగించకండి. 5 నుంచి 6 దాకా ఒక బస్సే కదిలింది. 6 గంటలకి ఎడం 210. అప్పుడు భాగించండి, 2 గంటలు. 8 గంటలకి, హైదరాబాదుకి 90 కిలోమీటర్ల దూరంలో, నార్కట్‌పల్లి దగ్గర్లో ఎదురుపడతాయి. రెండూ కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచే సాపేక్ష వేగం పనికొస్తుంది. అంతకు ముందుది విడిగా లెక్కేసుకోవాలి.

గడియారం ముళ్ల లెక్క కూడా ఇదే కుటుంబం. నిమిషాల ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు, గంటల ముల్లు అర డిగ్రీ. ఒకే వైపు పరుగు, తేడా ఐదున్నర. 3 గంటలకి ఎడం 90 డిగ్రీలు. 90ని 5.5తో భాగిస్తే 16 పూర్ణాంకం 4/11 నిమిషాలు. అప్పుడు కలుస్తాయి.

వర్గ సమీకరణంలోకి వచ్చే పడవ లెక్క దగ్గర పదో తరగతి పిల్లలు ఎక్కువగా తడబడతారు. నిశ్చల నీటిలో 15 కిలోమీటర్ల వేగం ఉన్న మోటారు పడవకి 30 కిలోమీటర్లు వాలుకి వెళ్లి, తిరిగి రావడానికి మొత్తం నాలుగున్నర గంటలు పట్టింది. ప్రవాహ వేగం? సమీకరణం రాసేముందు ఒక అంచనా వేసుకోండి. ఏరు లేకపోతే 60ని 15తో భాగించి 4 గంటలు. ఏరు అరగంట తినేసింది. ప్రవాహం 15 కంటే కచ్చితంగా తక్కువ, లేకపోతే పడవ వెనక్కే రాలేదు. ఈ రెండు మాటలు మార్జిన్లో రాసుకుని అప్పుడు మొదలుపెట్టండి. ప్రవాహ వేగం 'వ' అనుకుంటే, 30/(15 + వ) + 30/(15 − వ) = 4.5. లవాలు కలిపితే పైన 900 మిగులుతుంది, కింద 225 − వ². 900ని 4.5తో భాగిస్తే 200. కాబట్టి వ² = 25. వ = 5, లేదా −5.

ఇక్కడ అందరూ "వేగం రుణాత్మకం కాదు కనుక −5ని వదిలేద్దాం" అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. రాయండి, తప్పు లేదు. కానీ ఆ −5 ఏం చెబుతోందో ఒక్కసారి వినండి. ఏరు మనం అనుకున్నదానికి తిరగబడి పారుతోందనుకుంటే, వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వాలు. అప్పుడూ మొత్తం నాలుగున్నర గంటలే. సమీకరణం ఆ రెండో కథ కూడా చెప్పింది. యానాం దగ్గర సముద్రం పోటెత్తినప్పుడు నీళ్లు ఎగువకి ఎక్కుతాయి కూడా. వదిలేసే జవాబుని కూడా అర్థం చేసుకుని వదిలేసే పిల్లవాడికి, ముందు ముందు ఏ లెక్కా పరాయిగా అనిపించదు.

జవాబు వచ్చాక సరిచూసుకోవడం ఎంతసేపు? వాలుకి 20, 30 కిలోమీటర్లకి గంటన్నర. ఎదురుకి 10, మూడు గంటలు. కలిపితే నాలుగున్నర. పది సెకన్ల పని.

నా సరంగు లెక్క మిగిలిపోయింది. ఇంటర్ భౌతికశాస్త్రంలో వస్తుంది, కానీ పైథాగరస్ సిద్ధాంతం చాలు. ఏటి వెడల్పు 2 కిలోమీటర్లు, పడవ వేగం 5, ఏటి వేగం 3 అనుకుందాం. ముక్కుని నేరుగా అవతలి గట్టుకి పెడితే 2/5 గంట, అంటే 24 నిమిషాల్లో దాటేస్తాం. ఆ 24 నిమిషాల్లో ఏరు తన వాటా తీసుకుంటుంది, 1.2 కిలోమీటర్లు దిగువకి. రేవులోనే దిగాలంటే ముక్కుని ఎగువకి తిప్పాలి. పడవ 5లో 3 ఏటికి పోగా అడ్డంగా దాటడానికి మిగిలేది 5 కాదు, 2 కూడా కాదు, 4. 3, 4, 5 లంబకోణ త్రిభుజం. 30 నిమిషాలు పడుతుంది, కానీ దిగాల్సిన చోటే దిగుతాం. ఆరు నిమిషాలు ఎక్కువైనా ఆ సరంగు రెండో దారే ఎంచుకున్నాడు. అరటి గెలలతో బురదలో 1.2 కిలోమీటర్లు నడవడం ఎంత కష్టమో అతనికి తెలుసు.

పుస్తకంలో ఏరు గట్టు నుంచి గట్టుకి ఒకే వేగంతో పారుతుంది. నిజం ఏరు నడిమధ్యన జోరుగా, గట్ల వార నెమ్మదిగా పారుతుంది. ఎదురెక్కే పడవల్ని గట్టు వారగా నడిపేది అందుకే. పుస్తకం లెక్క నిజానికి మొదటి మెట్టే.

అలవాటు చేసుకోవాల్సిన పని ఒకటుంది. నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది, లెక్క వినగానే రాయడం మొదలుపెట్టేది కాదు. ముందు ఒక గీత గీసేది, దాని మీద బాణం గుర్తులు పెట్టేది. ఒక్కో బాణం పక్కన వేగంతో పాటు 'నీటికి', 'గట్టుకి', 'రైలుకి' అని ఎవరి కంటికో చిన్న అక్షరాల్లో రాసేది. అందరూ సగం లెక్క చేసేసేవరకు ఆమె కాగితం మీద ఒక్క సమీకరణం కూడా ఉండేది కాదు. తరవాత మూడు లైన్లలో ముగించేది. తప్పు పోయిన లెక్కలు తిరిగి చూసుకోవడానికి కూడా ఆ బొమ్మలే ఆమెకి పనికొచ్చాయి. ఏ బాణం ఎవరి కంటిదో పొరపడ్డానని తనే పట్టుకునేది. మీరు కూడా ఒక వారం పాటు, రోజుకి మూడు లెక్కలు చాలు, ఈ పద్ధతిలో చేయండి. నిమిషాలు, గంటలు కలిసిపోవడం, మీటర్లకి కిలోమీటర్లు అంటుకోవడం లాంటి తప్పులు కూడా బొమ్మలోనే బయటపడతాయి.

ఇక ఈ ఆదివారం మీకో పని. మీకు దగ్గర్లో ఏ కాలువ ఉంటే దాని గట్టుకి వెళ్లండి. డెల్టా కాలువైనా సరే, సాగర్ కాలువైనా సరే, కాకతీయ కాలువైనా సరే. పెద్దవాళ్లు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, నీళ్లలోకి మాత్రం దిగకండి. గట్టు మీద టేపుతో 20 మీటర్లు కొలిచి రెండు చివర్లా రెండు కర్రలు పాతండి. మొదటి కర్రకి కాస్త ఎగువ నుంచి ఒక కొబ్బరి డొక్కని నీళ్ల నడిమికి విసరండి. అది మొదటి కర్ర దాటిన క్షణం నుంచి రెండోది దాటేదాకా సెకన్లు లెక్కపెట్టండి. 40 సెకన్లు పట్టిందంటే సెకనుకి అర మీటరు, గంటకి 1.8 కిలోమీటర్లు. మూడుసార్లు విసిరి సగటు తీసుకోండి. తరవాత ఆ రెండు కర్రల మధ్యే ఎగువకి నడిచి, పట్టిన సెకన్లు చూసుకుని, డొక్క కంటికి మీ వేగం ఎంతో లెక్కకట్టండి. దిగువకి నడుస్తూ మళ్లీ కట్టండి. మూడు అంకెలూ తేదీతో సహా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. తరవాతి అధ్యాయం మొదలుపెట్టేది ఆ అంకెలతోనే.